జంట బాణం గారికి ఒక విన్నపం

వాట్సాప్ జంట బాణం గారికి,

విజయనగరం గంటస్తంభం నుంచి నమస్కారాలు. మెసేజ్ నెత్తిన కూర్చుని 'దీన్ని చాలాసార్లు ఫార్వర్డ్ చేశారు' అని చెప్పడం మీ ఉద్యోగం. ఐదు చేతులు మారిన సరుకు మీదే మీరు వాలతారు. మీరు వాలాక దాన్ని ఒక్కొక్కరికే పంపాలి తప్ప ఒకేసారి ఐదుగురికి తోసేయడం కుదరదు. 2020లో కరోనా పుకార్లు ముదిరాక పెట్టిన రూలు. బానే ఉంది. కానీ మా పెదనాన్న మిమ్మల్ని చదివే తీరు వేరు. "ఇంతమంది పంపారంటే ఊరికే పంపుతారేటిరా?" అంటారు. పుచ్చు సరుకని మీరు గుర్తు వేస్తే, ఆయనకది అగ్‌మార్క్ ముద్రలా కనిపిస్తోంది.

మొన్నటి ఎన్నికలప్పుడు తెల్లవారుజామున నాలుగున్నరకి, కాఫీ కూడా పడకముందే, ఫ్యామిలీ గ్రూపులో ఒక వీడియో వేశారు. ఒక నాయకుడు మైకు పట్టుకుని "మేమొస్తే పింఛన్లు ఆపేస్తాం" అంటున్నాడు. పన్నెండు సెకన్లు. అసలు ప్రసంగం వెతికి విన్నాను. ఆయన అన్నది "మేమొస్తే పింఛన్లు ఆపేస్తాం అని పుకారు పుట్టిస్తున్నారు" అని. తెలుగులో 'అని' వచ్చేదాకా అది సొంత మాటో, ఎదుటివాడి మాటో తేలదు. కత్తెర సరిగ్గా ఆ 'అని' ముందు పడింది. కోసినవాడెవడో గానీ వ్యాకరణం బాగా వచ్చు. పెదనాన్న ముప్పయ్యేళ్ళు తెలుగు మాస్టారుగా చేశారు, ఆయనకి మాత్రం తట్టలేదు.

పైగా ఆ వీడియో మీద మీరు లేరు! ఒక్కొక్కరికే పంపడం విసుగని ఆయన దాన్ని ఫోన్‌లో సేవ్ చేసి కొత్తగా ఎక్కించారట. ఎవడో ఏసీ గదిలో వండింది కాస్తా మాస్టారి సొంత మాట అయిపోయింది.

కిటుకు పాతదే లెండి. 1983 జులైలో ఢిల్లీ 'పేట్రియట్' పత్రికలో, ఎయిడ్స్ వైరస్‌ని అమెరికా తన ప్రయోగశాలలో పుట్టించిందంటూ ఒక ఉత్తరం అచ్చయింది. రాసినవాడి పేరు లేదు. వెనకున్నది సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీ. 1985లో మాస్కో వారపత్రిక ఒకటి, అది భారతీయ పత్రిక చెప్పిన సంగతేనంటూ అదే కథ ఎత్తుకుంది. తన కోడి పెట్టిన గుడ్డుని పక్కింటి గంపలోంచి తీసి చూపించినట్టు. 1992లో రష్యా గూఢచారి సంస్థ అధిపతి ప్రిమకోవ్ ఒప్పుకునేసరికి ఆ గుడ్డు పిల్లలై దేశదేశాలు తిరిగేశాయి.

అప్పటి పేట్రియట్ పని ఇప్పుడు పెదనాన్న చేస్తున్నారు. 2016 అమెరికా ఎన్నికల్లో వేలు పెట్టిన రష్యా సెయింట్ పీటర్స్‌బర్గ్ కంపెనీ, దొంగ ఖాతాలు నడిపేవాళ్ళకి షిఫ్టులేసి జీతాలిచ్చింది. ఈయనకి పైసా ఇవ్వక్కర్లేదు. రీచార్జి కూడా సొంత పింఛనులోంచే.

అసలు వీడియో నేను గ్రూపులో పెట్టాను. పెదనాన్న దండం బొమ్మ పెట్టారు. మర్నాటి నుంచి మళ్ళీ గుడ్ మార్నింగ్ గులాబీలు.

మా వీధి చివర ఇడ్లీలు వేసే మామ్మ మూడు రోజులు నిద్రపోలేదు. ఒకటో తారీఖు డబ్బు రాకపోతే మందులెలాగని బెంగ. దగ్గర కూర్చుని ఫోన్‌లో మొత్తం వినిపించాను. శ్రద్ధగా వింది.

"ఇది ఎవులు పంపారు బాబూ?"

"నేనే మామ్మా."

"నువ్వొక్కడివేనా?" అంది.

ఇట్లు,
మీ ఒక్క బాణానికీ నోచుకోని
విజయనగరం వాసి