దాచినవాడిదే బొమ్మ

కామిక్ పుస్తకాలను కొని చదివే దురలవాటు ఇంకా కొందరిలో మిగిలి ఉందని తెలిసి బాధపడేవాళ్లలో నేనొకణ్ణి. పుస్తకం కొంటే కథ మొదలవుతుంది, నడుస్తుంది, అయిపోతుంది. చదివినవాడు తృప్తి పడి దాన్ని పక్కింటి పిల్లవాడికి ఇచ్చేస్తాడు. ఇందులో రసజ్ఞత ఎక్కడుంది, పెట్టుబడి ఎక్కడుంది? అభిరుచి పండినవాడు చేయవలసిన పని వేరే ఉంది. ఆ పుస్తకం అచ్చు కోసం చిత్రకారుడు అట్ట మీద చేత్తో గీసిన అసలు పేజీల్లో మొదలూ తుదీ లేని ఒకే ఒక్కదాన్ని, ఇల్లు తాకట్టు పెట్టయినా సంపాదించి, అతినీలలోహిత కిరణాలను ఆపే అద్దం వెనుక బిగించి, వెలుతురు తగిలితే మార్కరుతో నింపిన నలుపు వెలిసిపోతుంది కనుక కిటికీలకు మందపాటి తెరలు కట్టి, ఆ చీకటి గదిలోకి ఎవరినీ రానివ్వకుండా కాపలా కాయాలి. దీన్నే పెద్దలు కళను ఆస్వాదించడం అంటారు.

ఈ శాస్త్రం తెలియనివారి కోసం నాలుగు మాటలు చెప్పడం నా విధి. అమెరికా కామిక్ కంపెనీలలో 1960ల చివరి నుంచి వాడుకలో ఉన్న అసలు పేజీ 11 అంగుళాల వెడల్పు, 17 అంగుళాల పొడవు ఉన్న బ్రిస్టల్ బోర్డు అనే దళసరి అట్ట. అంతకు ముందువి ఇంకా పెద్దవి. ఒకాయన పెన్సిలుతో గీస్తాడు, ఇంకొకాయన దాని మీద సిరా దిద్దుతాడు, మూడో ఆయన గాలి బుడగల్లో మాటలు రాస్తాడు. కెమెరా కంటికి ఆనని లేత నీలం పెన్సిలు గీతలు, అంచుల్లో సంపాదకుడి అదలింపులు, తప్పు పోయిన చోట పూసిన తెల్ల రంగు, మార్చిన మాటలను రబ్బరు జిగురుతో అతికించిన ముక్కలు, నలభై ఏళ్లకు ఆ జిగురు తేలిన గోధుమ రంగు మరకలు, ఇవన్నీ అసలు పేజీ మీద దర్శనమిస్తాయి. అచ్చు పుస్తకంలో వీటిలో ఒక్కటీ కనబడదు. బొమ్మను శుభ్రంగా చూపించాలని ప్రెస్సువాళ్లు పడిన శ్రమ అంతా వృథా అని తేల్చినవాడే నిజమైన సేకర్త. ఆయన వీరుడి ముఖాన్ని చూడడు. భూతద్దం పట్టుకొని వీరుడి చెవి పక్కనున్న తెల్ల రంగు మచ్చ మీదకు వంగి, తిరుపతిలో మూలవిరాట్టు ముందు నిలబడ్డంత భక్తితో, "ఈ చెవి మొదట ఇంకాస్త కిందకు ఉండేదండీ" అంటాడు.

పేజీలన్నీ సమానమే అనుకోవడం అజ్ఞానం. పుస్తకం ముఖచిత్రం అన్నింటికన్నా పైమెట్టు. ఆ తరువాతది పేజీ నిండా ఒకే దృశ్యం పరుచుకున్న స్ప్లాష్. దాని కింద గడులు గడులుగా కొట్లాట ఉన్న పేజీ, దానికీ కింద వీరుడు ముసుగు తీసేసి మామూలు చొక్కాతో ఆఫీసుకు వెళ్లే పేజీ, అట్టడుగున ఆయన పిన్ని వంటింట్లో కూర్చుని అద్దె గురించి దిగులుపడే పేజీ. ముసలావిడ ముఖంలో దిగులు గీయడానికి కావలసిన పనితనం, గోడ మీద నుంచి దూకే కండలు గీయడానికి అక్కరలేదని చిత్రకళ తెలిసినవారు గొణుగుతూ ఉంటారు గానీ, వేలంపాటలో గొణుగుడుకు లెక్క లేదు. తెర మీద హీరో కాలు మోపగానే కాగితం ముక్కలు విసిరే జాతికి ఈ సూత్రాన్ని ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. దిగులుపడే పిన్ని మీద మనం ఎన్నడూ కాగితాలు విసరలేదు.

ఇక ధరల సంగతి. 2022 జనవరిలో డాలస్ వేలంపాటలో, 1984 నాటి సీక్రెట్ వార్స్ అనే కామిక్ 8వ సంచికలోని 25వ పేజీ 33 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. అప్పటి మారకంలో అది దాదాపు 25 కోట్ల రూపాయలు. మైక్ జెక్ గీసిన ఆ పేజీలో స్పైడర్‌మ్యాన్‌కు నల్ల దుస్తులు ఎలా వచ్చాయో ఉంటుంది. నల్ల దుస్తులు వేస్తే బాగుంటుందన్న ఆలోచనను మార్వెల్ కంపెనీకి రాసి పంపినవాడు ఒక మామూలు పాఠకుడు. దానికి కంపెనీ అతనికి ఇవ్వజూపినది 220 డాలర్లు. కొందరు తొందరపాటు మనుషులు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి నిట్టూరుస్తారు. పెట్టకూడదు. ఊహించడం ఏ పాఠకుడైనా చేయగలిగిన పని, గీయడం పేజీకి ఇంత అని కూలి తీసుకున్న మనిషి చేసిన పని. నలభై ఏళ్ల పాటు చెదలు పట్టకుండా చూడడం మాత్రం అందరికీ చేతనయ్యే పని కాదు. దున్నేవాడిదే భూమి అని మన దగ్గర గోడల మీద రాశారు. బొమ్మల విషయంలో ఆ నినాదాన్ని సవరించుకోవడం అవసరం.

నా మాట మీద నమ్మకం కుదరనివారు బెల్జియం చిత్రకారుడు హెర్జే ఉదంతం వినండి. ఆయన 1936లో టిన్‌టిన్ అనే కుర్ర విలేకరి సాహసాల్లో ఒకదానికి, బ్లూ లోటస్ అనే పుస్తకానికి, ముఖచిత్రంగా నల్లని వెనుక తెర మీద ఎర్రని డ్రాగన్‌ను, పింగాణీ జాడీలో నుంచి తొంగిచూసే కుర్రవాణ్ణి, వాడి తెల్ల కుక్కను రంగుల్లో వేసి ప్రచురణకర్త చేతికిచ్చాడు. ఇన్ని రంగులు అచ్చు వేయాలంటే ఖర్చు ఎక్కువని ప్రచురణకర్త అన్నాడు; హెర్జే ఇంకాస్త సాదా బొమ్మ వేసిచ్చాడు. పనికిరాని ఆ మొదటి బొమ్మను ప్రచురణకర్త గారి ఏడేళ్ల కొడుక్కు ఇచ్చేశారని, ఆ బాలుడు దాన్ని ఆరు మడతలు పెట్టి సొరుగులో వేశాడని చెబుతారు. 2021 జనవరిలో పారిస్ వేలంలో ఆ బొమ్మకు పలికిన ధర దాదాపు 32 లక్షల యూరోలు. మడతల గీతలు నేటికీ స్పష్టంగా కనబడుతున్నాయి. ఇక్కడ నేను పాఠకులను కాసేపు ఆగి ఆలోచించమని కోరుతున్నాను. గీసినవాడు ఆ బొమ్మను వదిలేసుకున్నాడు, అచ్చువేయవలసినవాడు వద్దన్నాడు, తీసుకున్న పిల్లవాడు మడత పెట్టి మరచిపోయాడు. దశాబ్దాల పాటు నోరెత్తకుండా తన బాధ్యత నిర్వర్తించినది ఆ సొరుగు ఒక్కటే. చెక్కపెట్టెలకు పురస్కారాలిచ్చే సంప్రదాయం ఏ దేశంలోనూ లేకపోవడం విచారకరం.

ఇందుకు భిన్నంగా, తాను గీసినది తనకే కావాలని పట్టుబట్టిన ఒక చాదస్తుడి కథ కూడా చెప్పక తప్పదు. జాక్ కర్బీ అనే ఆయన ఫెంటాస్టిక్ ఫోర్, హల్క్, థోర్ వంటి వారికి రూపం ఇచ్చి మార్వెల్ కంపెనీకి వేల పేజీలు గీశాడు. 1980లలో కంపెనీ చిత్రకారులకు పాత పేజీలను తిరిగి ఇవ్వడానికి ఒప్పుకొని, అందరి చేత ఒక్క పేజీ కాగితం మీద సంతకం తీసుకొంటూ, ఈయనకు మాత్రం నాలుగు పేజీల ప్రత్యేక పత్రం పంపింది. దాని మీద సంతకం పెడితే ఇస్తామన్నవి 88 పేజీలు. అనేక మంది చిత్రకారులు, పాఠకులు గోల పెట్టాక 1987లో సుమారు 2,000 పేజీలు చేతికి వచ్చాయి. మిగిలినవి ఏమయ్యాయని అడగడం మర్యాద కాదు. గోడౌనులో పడి ఉన్న కాగితాలకు ఒక్కొక్కసారి కాళ్లొస్తాయి. నడిచి నడిచి ఎవరి గోడ మీదనో స్థిరపడతాయి. ఆ గోడ యజమానిని ఇది మీ దగ్గరికి ఎలా వచ్చిందండీ అంటే ఆయన గౌరవంగా నవ్వి కాఫీ తెప్పిస్తాడు. ఆ కాఫీ తాగి లేచి రావడమే సభ్యత.

స్టీవ్ డిట్కో మాత్రం మనకు ఆదర్శప్రాయుడు. స్పైడర్‌మ్యాన్ తొలి కథను గీసిన చేయి ఆయనది. ఆయన స్టూడియోకు వెళ్లిన ఒక పరిచయస్తుడు, అక్కడ కాగితాలు కోయడానికి అడుగున పెట్టుకున్న అట్ట వైపు తేరిపార చూసి, అది స్పైడర్‌మ్యాన్ అసలు పేజీ అని గుర్తించి నిర్ఘాంతపోయిన సంగతి తరువాత చెప్పుకొచ్చాడు. బ్లేడు గాట్లు పడిన ఆ అట్టను చూసి సేకర్తలోకం గుండె బాదుకుంది గానీ, డిట్కో దృష్టిలో అది గట్టి అట్ట, గట్టి అట్టతో పని ఉంది, అంతే. 1962లో ఆయన గీసిన ఆ తొలి కథతో సహా, అమేజింగ్ ఫాంటసీ 15వ సంచికలోని మొత్తం 24 పేజీలనూ 2008లో ఎవరో తన పేరు చెప్పకుండా వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఉచితంగా ఇచ్చేశారు. ఆ దాత పేరు ఇప్పటికీ బయటకు రాలేదు. కోట్లు కురిపించే ఆస్తిని జనం చూడడానికి వదిలేసినవాడు ముఖం దాచుకోవడంలో ఆశ్చర్యం ఏముంది?

మన దగ్గరకు వస్తే పరిస్థితి దయనీయం. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన చందమామకు చిత్ర, వపా అనే చిత్రకారులు వేసిన బొమ్మలను, 1950ల మొదట్లో చేరి దశాబ్దాల పాటు విక్రమార్కుడి భుజాన శవాన్ని ఎక్కించిన శంకర్ బొమ్మలను చూసి తెలుగుదేశంలో మూడు తరాలు పెరిగాయి. ఆ తరాలన్నీ చందమామను చదివాయి. చదివి చదివి పేజీలు చింపాయి. చివరికి శనగలు పొట్లం కట్టుకున్నాయి. దేశభాషలందు లెస్స అన్న జాతికి అట్టలందు ఏది లెస్సో తెలియలేదు. వారపత్రికల్లో అయితే బొమ్మ నుంచి అచ్చుకు వాడే జింకు బ్లాకు తయారైన మరుక్షణమే అసలుకు ఆయువు తీరేది. 

ఈ అంధకారంలో మా ఇంట్లో ఒక్క దీపం వెలిగిందని వినయంగా మనవి చేసుకుంటున్నాను. మా పెదనాన్న బెజవాడలో ఒక వారపత్రిక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. బ్లాకు అయిపోయాక పారేయబోయిన బొమ్మల కథ పేజీ ఒకటి, పిల్లలు ఆడుకుంటారని ఇంటికి తెచ్చారు. మేము ఆడుకోలేదు. అట్ట మందంగా ఉందని గమనించిన మా అమ్మ దాన్ని వంటింటి అల్మారా రెండో అరలో బోర్లా పరిచి, దాని మీద ఆవకాయ జాడీ పెట్టింది. ముప్పై ఏళ్లకు పైగా వెలుతురు తగలకుండా, మడత పడకుండా, అంతర్జాతీయ ప్రమాణాలకు తీసిపోని రీతిలో అది భద్రంగా ఉంది. డాలస్‌లో ఉద్యోగం చేసే మా బావమరిది సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక వేలం కేటలాగు తెచ్చి నాకు జ్ఞానోదయం కలిగించాకే, నేను జాడీ దించి ఆ అట్టను వెలికి తీశాను.

ఆరు గడులు. మొదటి గడిలో రాజు గుర్రం దిగుతున్నాడు. గుర్రం వెనుక కాలు మొదట తప్పుగా వేసి తెల్ల రంగుతో సరిదిద్దారు, ఆ రంగు ఇప్పుడు పెచ్చులూడి, గుర్రానికి అయిదు కాళ్లు. నాలుగో గడిలో రాక్షసుడి నోటి దగ్గర అతికించిన మాటల ముక్క ఊడిపోయింది కనుక వాడు నోరంతా తెరిచి ఏమీ అనకుండా అరుస్తున్నాడు. అంచున నీలం పెన్సిలుతో "అర్జెంటు, రెండు కాలమ్‌లు" అని ఉంది. జాడీ అడుగున పట్టిన నూనె గుండ్రంగా ఇటువైపుకు దిగి రాజుగారి తల చుట్టూ తేజోవలయంలా నిలిచింది. ఇది వీడియో కాల్‌లో చూసిన బావమరిది చాలాసేపు మాట్లాడలేకపోయాడు. తేరుకొని, "బావా, సంతకం ఎవరిది?" అన్నాడు.

సంతకం ఉండవలసిన కుడి అడుగు మూల లేదు. అల్మారా మూల కంబీకి సరిపోవడం లేదని అమ్మ దాన్ని అప్పట్లోనే కత్తెరతో గుండ్రంగా కత్తిరించింది.

ఈలోగా చిత్రకళలో ఒక ఉపద్రవం వచ్చిపడింది. ఇప్పటి చిత్రకారుల్లో చాలామంది కంప్యూటరు పలక మీదే గీస్తున్నారు. తెల్ల రంగు లేదు, జిగురు మరక లేదు, తప్పు చేస్తే వెనక్కి వెళ్లే బొత్తాము ఉంది. అసలు పేజీ అన్నదే పుట్టని ఈ కాలంలో సేకర్త ఏం కావాలి? వ్యాపారం తెలివైనది కనుక మార్గం దొరికింది. బొమ్మను ఒకే ఒక్క ప్రతి తీసి, దాని మీద చిత్రకారుడి చేత సంతకం పెట్టించి, ఇంకెప్పుడూ తీయబోనని మాట ఇప్పించి అమ్ముతున్నారు. మరికొన్ని చోట్ల ఒక ఊరి చిత్రకారుడి పెన్సిలు పనిని ఇంకో ఊరి సిరా చిత్రకారుడు లేత నీలంలో ప్రింటు తీసుకొని దాని మీద దిద్దుతాడు. ఆ విధంగా ఒక పేజీకి ఇద్దరు తల్లులు, రెండు అసళ్లు, రెండు ధరలు. అచ్చు పుట్టినందువల్లే కదా అసలుకు విలువ వచ్చిందని మనం మురిసిపోతున్నాం. ఇప్పుడు అచ్చులోనే ఒక ప్రతిని అసలు చేసి కూర్చోబెట్టారు.

మా అట్టను ఫ్రేములు కట్టే ఆయన దగ్గరకు తీసుకువెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంచుల మీద పెన్సిలు రాతలు కోసేస్తాను, గుర్రం కాలు నల్లగా దిద్దేస్తాను, మరక కూడా పోగొట్టేస్తాను, కొత్తదానిలా ఉంటుంది సార్" అన్నాడు. నేను అట్టను గుండెకు హత్తుకొని ఇంటికి వచ్చేశాను. ప్రస్తుతం అది ఆమ్లం లేని కాగితంలో చుట్టి, బీరువాలో, పట్టుచీరల మధ్య ఉంది. ఇంతవరకు దాన్ని ఎవరికీ చూపలేదు.

అర ఖాళీగా ఉంటే అమ్మ ఊరుకోదు కనుక, బావమరిది తెచ్చిన వేలం కేటలాగులో నుంచి, కోట్లు పలికిన బొమ్మలున్న మధ్య పేజీలను చించి అక్కడ పరిచాను. మూడో రోజు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది.

"ఒరేయ్, ఈ కాగితం నున్నగా జారుతోందిరా. నూనె పీల్చుకోదు, జాడీ నిలవదు. ఆ గుర్రం అట్ట ఎక్కడ పెట్టావో తెచ్చియ్యి."