14వ నంబరు టెంటు నుంచి క్యాంప్‌సైట్ గారికి

మహారాజశ్రీ బుష్‌క్రాఫ్ట్ (అంటే అడవిలో చేతిపనితో గడపడం నేర్పే) క్యాంప్‌సైట్ గారి సముఖమునకు,

మొన్న శనివారం రాత్రి మీ 14వ నంబరు టెంటులో పడుకున్నవాడు (పడుకున్నాడంతే, నిద్రపోలేదు) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలానికి లోటేమీ లేదని ఆదివారం పొద్దున్నే తెలిసింది. మేం కారెక్కుతుంటే ఇంకో ఇరవైమంది బ్యాగులతో దిగుతున్నారు. నా కుశలం సంగతి నా నడుముని అడగండి.

'మీ అడవి అనుభవం ఎలా ఉంది? రెండు వందల అక్షరాలు మించకుండా చెప్పండి' అని మధ్యాహ్నానికల్లా మెసేజ్ పంపారు. రెండు వందల అక్షరాలు మీ గేటు గురించి చెప్పడానికే చాలవు. అందుకే ఈ ఉత్తరం.

ముందుగా మీ ఫోటోలు తీసినవారికి నా అభినందనలు అందజేయండి. ఎటు చూసినా చెట్లు, మధ్యలో ఒంటరి టెంటు, వెనక పొగమంచులో చెరువు. కెమెరాని కొంచెం కుడివైపు తిప్పి ఉంటే జనరేటరు, దాని పక్కన ఎర్రగా వెలిగే 'ఐ లవ్ క్యాంపింగ్' అక్షరాలు పడేవి. తిప్పలేదు చూశారా, అదీ పనితనమంటే.

ఆ ఫోటోని నమ్ముకుని ఒంటిగంటకి బయల్దేరి బెంగళూరులో టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర ఇరుక్కున్నాం. అక్కడ ఇరుక్కోవడం నాకు కొత్తేం కాదు. మదనపల్లె బస్సు కోసం పదకొండేళ్ళుగా అక్కడే నిలబడుతున్నాను. కాకపోతే ఆ దారి చివర ఎప్పుడూ మా అమ్మ చేసిన పప్పు ఉండేది. ఈసారి మీరున్నారు.

బుక్ చేయకముందు మీకు వాట్సాప్‌లో ఐదు ప్రశ్నలు పంపాను, గుర్తుండే ఉంటుంది. టార్పాలిన్ కట్టుకోడానికి పది పన్నెండు అడుగుల ఎడంలో రెండు గట్టి చెట్లున్నాయా? మేకు దిగే నేలేనా? రాలిన ఎండు పుల్లలు ఏరుకోవచ్చా? నీళ్ళెక్కడివి? మా అమ్మాయి తన చేత్తో నిప్పు రాజేసుకోవచ్చా? ఐదింటికీ ఐదు బొటనవేళ్ళు పంపారు. అన్నీ పైకే ఉన్నాయి. మనిషికి 2,499 చొప్పున ఇద్దరికి కట్టేశాను.

అంత సరదాగా ఉంటే అడవికే పోవచ్చు కదా అంటారేమో. పోకూడదండీ. రామనగర బండలు నాకూ ఇష్టమే. కాని అక్కడ రామదేవర బెట్ట 2012 నుంచి రాబందుల అభయారణ్యం. కనకపుర దాటి కావేరి వైపు పోతే ఏనుగులు తిరిగే చోటు. రిజర్వ్ ఫారెస్టులో అనుమతి లేకుండా రాత్రి గడిపితే కేసు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు రాజేయకూడదని 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోనే ఉంది. చట్టం లేకపోయినా చేయకూడని పనే. ఫిబ్రవరి ఎండుగడ్డిలో ఒక్క రవ్వ పడితే కొండ కొండంతా పోతుంది. కాబట్టి బెంగళూరు చుట్టుపక్కల ఒక తండ్రీ కూతురూ పద్ధతిగా నెగడు వేసుకోవాలంటే ఎవరిదో సొంత భూమి కావాలి, వాళ్ళు సరేననాలి, పక్కన బకెట్టు నీళ్ళుండాలి. అంటే మీరే. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

మీ గేటు దగ్గర మాల్‌లోలాగా బ్యాగు తెరిపించారు. నా కత్తి అలుగు నాలుగంగుళాలు. దాన్ని చూసి సెక్యూరిటీ అబ్బాయి ఒకరికి ఫోన్ చేశాడు, ఆయన ఇంకొకరికి చేశాడు, పావుగంట మంతనాల తర్వాత కత్తి లాకరులోకి పోయింది. బుష్‌క్రాఫ్ట్ నేర్పే చోట కత్తి నిషేధం. బార్బరు షాపులో కత్తెర నిషేధించినట్టు. బదులుగా ఏమీ ఇవ్వలేదనను, పనీరు ముక్క కోసుకోడానికి ప్లాస్టిక్ చెంచా ఇచ్చారు.

మీ 'దట్టమైన అడవి'ని మా వైపు నీలగిరి తోపు అంటారు. భూమిలో నీళ్ళన్నీ లాగేస్తోందని 2017లో కర్ణాటక ప్రభుత్వం కొత్తగా నీలగిరి నాటొద్దంది. మీరు ఉన్నదానికే అడవి అని పేరు పెట్టి టికెట్టు పెట్టారు. వరసలు కట్టిన చెట్లు, ఒక్కోటి నా మణికట్టంత లావు. అయినా సర్దుకుని రెండింటి మధ్య హ్యామక్ ఉయ్యాల కట్టి కూర్చున్నాను. రెండు చెట్లూ చెరో వైపు నుంచి వంగి నాకు నమస్కారం పెట్టాయి. నేను నేలకి తగిలాను. మా అమ్మాయి ఐదు నిమిషాలు ఆపకుండా నవ్వింది. ఆ సాయంత్రం తను నవ్వింది అదొక్కసారే.

నేలకి తగిలాను అన్నాను గాని, మీ టెంట్ల దగ్గర అది కూడా లేదు. సిమెంటు అరుగు, దాని మీద పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, దాని మీద టెంటు, నాలుగు మూలలా ఇసుక మూటలు. మా అమ్మాయి రెండు ఆదివారాలు కూర్చుని వెదురుతో ఎనిమిది మేకులు చెక్కింది, తాడు జారకుండా మెడ దగ్గర గాడి పెట్టి మరీ. ఒకటి తీసి ప్లాస్టిక్ గడ్డిలో దించబోయింది. టక్‌మంది. ఇంకోచోట పెట్టి కొట్టింది. టక్. నా మొహంలోకి చూసింది. నేను చెరువు వైపు చూశాను.

ఆ చెరువు గురించి కూడా ఒక ముక్క. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి 2018 నుంచి మీ కోలారు జిల్లా చెరువులకి ఎత్తిపోస్తున్నారు. వెయ్యడుగులు దింపినా బోరు తడవని జిల్లా, చెరువు నిండితే రైతుకి సంతోషమే. కాని ఆ నీళ్ళని ఇసుక, బొగ్గు పొరల్లో వడకట్టి, 'అడవిలో తాగునీళ్ళు ఇలా తయారుచేసుకోవాలి' అని పిల్లల చేతికి గ్లాసులివ్వడం ఎవరి తెలివండీ? మరిగిస్తే క్రిములు చస్తాయి, రసాయనాలు చావవు. ఎవరో తల్లి గట్టిగా అరవబట్టి సరిపోయింది. ఆ తర్వాత అదే బోరు తడవని జిల్లాలో ట్యాంకరు తెప్పించి రెయిన్ డాన్స్ పెట్టారు. దాని గురించి రాయను, రాస్తే నోరు పాడవుతుంది.

ముడుల క్లాసుకి ముడులు ముందే వేసి తెచ్చారు. సరే.

ఇక నిప్పు.

మూడు వారాలు మేడమీద ప్రాక్టీసు చేశాం. ఫెర్రో రాడ్ అని పెన్సిలంత కడ్డీ ఉంటుంది, దానికి కట్టిన ఇనపరేకుతో గట్టిగా గీస్తే రవ్వలు రాలతాయి. తడిసినా తుడిచి గీస్తే పనిచేస్తుంది. రవ్వలు రాల్చడం ఎవరైనా చేస్తారు, వాటిని పట్టుకునే మెత్తటి గూడు కట్టడంలోనే ఉంది పనంతా. మా అమ్మాయి కొబ్బరి పీచుని వేళ్ళతో దువ్వి దువ్వి, పొడి దులిపి, పిచ్చుక గూడులా చేసింది. పాత టమాటా పెట్టె చెక్కని పలచటి పొరలు పొరలుగా చెక్కి, ఆ పొరలు ఊడిపోకుండా పువ్వులా విప్పింది. మొదటి వారం అన్నీ ఊడిపోయాయి, వేలు కోసుకుంది, ప్లాస్టర్ వేసుకుని మళ్ళీ కూర్చుంది. పుల్లలు మూడు కట్టలు కట్టుకుంది: అగ్గిపుల్లంతవి, పెన్సిలంతవి, బొటనవేలంతవి. మూడో ఆదివారం మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ పైకొచ్చి ఇదేంటని అడిగితే, "ఇంక ఇక్కడ చెయ్యంలే అంకుల్, నిజం చోటికి పోతున్నాం" అని చెప్పింది. తొమ్మిదేళ్ళ పిల్ల. నిజం చోటు అంది, మిమ్మల్ని.

ఎనిమిదిన్నరకి క్యాంప్‌ఫైర్ అని మైకులో పిలిచారు. సగానికి కోసిన తారు డ్రమ్ము, అందులో నిలువునా గుచ్చిన పచ్చి నీలగిరి దుంగలు. తను గూడుని రెండు అరచేతుల్లో పెట్టుకుని, గాలి తగలకుండా భుజం అడ్డుపెట్టి, అందరికంటే ముందు వెళ్ళి నిలబడింది. మీ టీషర్టు వేసుకున్న కుర్రాడు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాతో వచ్చాడు. అందులో డీజిల్. గడగడా పోసి లైటరు ముట్టించాడు. భగ్గుమంది. అందరూ ఓ అని అరిచి ఫోన్లు తీశారు. మా అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసి, "అంకుల్, నేను చేస్తానని..." అంది. "సేఫ్టీ పాపా, కిడ్స్‌కి అలౌ లేదు" అన్నాడు. సీసాకి మూత లేదు. మంటకి మూడడుగుల దూరంలో, మూతలేని డీజిల్ సీసా కాళ్ళ దగ్గర పెట్టుకుని, నా కూతురికి సేఫ్టీ చెప్పాడు.

ఇక్కడినుంచి 'మీరు' అనడం నా వల్ల కాదు.

పచ్చి కట్టె అంటుకోదు కాబట్టి డీజిల్ పోశావు. తోపు నిండా వేలంత ఎండు పుల్లలు రాలి ఉన్నాయి, ఏరబోతే 'సర్, దారి దాటొద్దు' అన్నావు. ఆ నల్లపొగలోనే పనీరు పుల్లలకి గుచ్చి కాల్చి పిల్లలకి పెట్టావు. దానికి 600 వేరే బిల్లు, 'ఫైర్ చార్జెస్' అట. నిప్పుకి మీటరు పెట్టినవాణ్ణి నిన్నే చూశాను. తొమ్మిదిన్నరకి బకెట్టు నీళ్ళు కుమ్మరించి, రూల్స్ అన్నావు. ఆ నోటితోనే పన్నెండున్నర దాకా డీజే పెట్టావు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు మోగకూడదని 2000లోనే రూలొచ్చింది, అది నీదాకా రాలేదు పాపం. పూటుగా తాగి జిప్‌లైన్ ఎక్కుతానన్నవాడు నీకు కస్టమరు, కొబ్బరి పీచు పట్టుకున్న పిల్ల నీకు ప్రమాదం. చేయనివ్వనని ముందే చెబితే నీ సొమ్మేం పోయేది? ఆ ఐదో బొటనవేలు ఎందుకు పంపావురా నాకు?

గూడు చెదరకుండా మళ్ళీ అట్టపెట్టెలో పెట్టి, టెంటులోకి పోయి, అటు తిరిగి పడుకుంది. ఏడ్చి ఉంటే బాగుండేది, ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.

మా తాత గొర్రెల కాపరి. మంద తోలుకుని పోయేటప్పుడు పొద్దుగూకకముందే రాత్రికి చోటు చూసుకునేవాడు. వంకలో పండుకోడు, ఎక్కడో పైన వానపడితే ఇక్కడ నీళ్ళొస్తాయని. మరీ పల్లంలోనూ పండుకోడు, చలి అక్కడికే దిగుతుందని. ఎండుకొమ్మ వేలాడే చెట్టు కింద మనిషి కాదు కదా, సద్దిమూట కూడా పెట్టడు. వీపుకి బండ, ఎదురుగా మంద, గాలి మళ్ళే చోట మూడు రాళ్ళు. ఆ రాళ్ళు కూడా వంకలోవి కావు, లోపల నీరుంటే వేడికి పేలతాయని. ఆయనకి వేలిముద్రే. నీకు డ్రోన్ వీడియో ఉంది.

నిద్రపట్టక నాలుగున్నరకి ఇద్దరం బయటికొస్తే గేటు పక్కన మీ వాచ్‌మన్ పెద్దాయన దుప్పటి కప్పుకుని మూడు రాళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. ఆ ఊరి మనిషే, మాట తెలుగే. మా అమ్మాయి చేతిలో అట్టపెట్టె చూశాడు.

"ఏం పాపా అది?"

"గూడు."

మూత తీసి, పీచుని రెండు వేళ్ళతో నలిపి చూశాడు. "బాగా దువ్వినావే. పొయ్యి ఇంకా అంటీలేదు. నువ్వే అంటీ."

గీసింది. ఎనిమిదిసార్లు రవ్వలు అటూ ఇటూ పోయాయి. తొమ్మిదోసారి పీచులో ఎర్రటి చుక్క, ఆవగింజంత. గూడుని రెండు చేతుల్లోకి తీసుకుని, మొహం ముందు పెట్టుకుని, వేడి అన్నం ఊదినట్టు మెల్లగా ఊదింది. పొగ తెల్లగా వచ్చింది, చిక్కబడింది, ఉన్నట్టుండి మంటైంది. పెద్దాయన చెయ్యి చాపలేదు, తన చేత్తోనే పొయ్యిలో పెట్టనిచ్చాడు. ఒక్కో పుల్లా తనే వేసింది, అగ్గిపుల్లంతవి ముందు. తర్వాత ఆయన టీకి నీళ్ళు పెట్టాడు.

"ఈ టెంట్లు యాడ ఏసినారో తెలుసునా సార్? అది వంక. మా నాయన కాలంలో నీళ్ళు పారేది. సిమెంటు పోసినంత మాత్రాన నీళ్ళు దారి మరిసిపోతాయా?"

మరి మీరైతే ఎక్కడ పండుకుంటారని అడిగాను. గడ్డంతో కంచె అవతలికి చూపించాడు. మిట్టమీద ఒక బండ, దాని పక్కన కానుగ చెట్టు, చుట్టూ ఎండు తుమ్మపుల్లలు. "ఈ నేలంతా మాదే. ఆ బండకాడ మాత్రం అమ్మలేదు సార్."

మళ్ళీ 'మీరు'లోకి వస్తున్నాను, మా అమ్మ పెంపకం అలాంటిది. ఆ 600 వెనక్కివ్వమని అడగను, డీజిల్ సీసాకి ఒక మూత కొనండి. వానాకాలం రాకముందే ఆ టెంట్లు వంకలోంచి తీయించండి, ఇది మాత్రం ఎగతాళికి అనడం లేదు. పెద్దాయన జీతం పెంచండి. మీ మొత్తం క్యాంపులో పని తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఈ సంగతి తెలిస్తే ఆయనకి కూడా టీషర్టు తొడిగి, చేతికి మైకిచ్చి, పొయ్యికి టికెట్టు పెడతారేమోనని భయంగా ఉంది. కాబట్టి ఈ వాక్యాలు చదవలేదనుకోండి.

అన్నట్టు నా కత్తి మీ లాకరులోనే మరిచిపోయి టిన్ ఫ్యాక్టరీ దాకా వచ్చేశాం. కొరియరు అక్కర్లేదు. వచ్చే శనివారం ఎలాగూ అటే వస్తున్నాం, గేటు దగ్గర ఇచ్చేయండి. లోపలికి రాం. మేకులు ఎనిమిదీ తెచ్చుకుంటున్నాం.

ఇట్లు,
14వ నంబరు టెంటు