ఎడమంటే కుడి

కరాటే క్లాసులో మొదటిరోజే నేను శవాన్నయ్యాను. దెబ్బలు తిని కాదు, వ్యవహారం ఇంకా అంతదాకా రాలేదు. కొత్త తెల్ల డ్రెస్సు వేసుకుని, ఠీవిగా వచ్చి వరసలో నిలబడ్డానంతే. మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, పక్కకు పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు. "కోటుకి ఎడమ అంచు పైకి రావాలండీ. మీరు కుడి అంచు పైకి వేశారు. జపాన్‌లో అలా చనిపోయినవాళ్లకి వేస్తారు."

నాకప్పుడు 42 ఏళ్లు. ఎడమా కుడీ చిన్నప్పటి నుంచీ నన్ను ఆడిస్తూనే ఉన్నాయి. తాపీగా అడిగితే చెప్పగలను. రాసే చేత్తో గాల్లో ఒక అక్షరం రాసి చూసుకుని మరీ చెబుతాను. ఎవరైనా గట్టిగా "ఎడమ!" అని అరిచారా, ఒళ్లు దానంతటదే కుడికి పోతుంది. మార్షల్ ఆర్ట్స్‌లో ఎవరూ తాపీగా అడగరన్న సంగతి ఫీజు కట్టాక తెలిసింది.

కరాటేలో ఒక క్రమంలో చేసే కదలికల వరసని కటా అంటారు. మాకు నేర్పిన మొదటి కటా పేరు హెయాన్ షోదాన్. మొత్తం 21 కదలికలు. ఈ హెయాన్ వరసని వందేళ్ల కిందట ఒకినావాలో ఇతోసు అంకో అనే పెద్దాయన బడిపిల్లల కోసం కూర్చాడట. బడిపిల్లలు చక్కగానే చేస్తున్నారు. నా చుట్టూ ఉన్నది వాళ్లే. అందరిలోకీ పొడుగుపిల్ల నా భుజందాకా వస్తుంది.

మాస్టారు చాలా మంచివారు. మాకు ఎదురుగా నిలబడి ఒక్కో కదలికా ఓపిగ్గా చేసి చూపించేవారు. నేను ఆయన్ని చూసి అచ్చుగుద్దినట్టు చేసేవాణ్ణి. అచ్చులో అక్షరం తిరగబడి ఉంటుందని నాకు తట్టలేదు. ఆయన తన ఎడమకు తిరిగితే అది నా కుడి. క్లాసులో పక్కపిల్లల్ని చూసి సర్దుకుపోయేవాణ్ణి. ఇంట్లో మాత్రం ఆయన రూపాన్నే మనసులో నిలుపుకుని, రోజూ గంటసేపు, మహా పట్టుదలగా తప్పువైపే సాధన చేశాను.

గ్రేడింగ్, అంటే బెల్టు పరీక్ష రోజు వచ్చింది. అందరం ఒకే వరసలో నిలబడ్డాం. మధ్యలో నేను, నా కుడిపక్కన తొమ్మిదేళ్ల కుర్రాడు, ఎడమపక్కన ఆ పొడుగుపిల్ల. "హాజిమె!" అన్నారు. అంటే మొదలుపెట్టమని.

మొదటి కదలిక ఎడమకు తిరిగి కిందికి బ్లాక్, అంటే దెబ్బని చేత్తో అడ్డుకోవడం. వరసంతా ఎడమకు తిరిగింది. నేను కుడికి తిరిగాను. కుర్రాడూ నేనూ ఎదురుబొదురు పడ్డాం. రెండో కదలిక ఒక అడుగు ముందుకు వేసి పంచ్. ఏం జరిగినా మధ్యలో ఆగకూడదని మాస్టారు వారం ముందునుంచీ చెబుతున్నారు. కుర్రాడు మాట వినే పిల్లాడు. ఆగలేదు. నా పంచ్ నా ఛాతీ ఎత్తులో వాడి నెత్తిమీదుగా ఎవరికీ తగలకుండా పోయింది. వాడి పంచ్ వాడి ఛాతీ ఎత్తులో వచ్చింది. అది నాకు బొడ్డుకింద అవుతుంది.

ఊపిరి అందకపోయినా నేనూ ఆగలేదు. మూడో కదలిక వెనక్కి తిరగడం. వరస కుడినుంచి వెనక్కి తిరిగింది, నేను ఎడమనుంచి తిరిగాను. చూద్దును కదా, ఎదురుగా పొడుగుపిల్ల. నాలుగోది పిడికిలితో సుత్తిదెబ్బ. ఆ అమ్మాయి కూడా మాట వినేదే.

మిగతా 17 కదలికలూ ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. కటా ఎక్కడ మొదలుపెట్టామో అక్కడే పూర్తికావాలని నియమం. విచిత్రమేమిటంటే నేను సరిగ్గా అక్కడే తేలాను. పరీక్ష చేసిన పెద్ద మాస్టారు కాగితం మీద కలం పెట్టి చాలాసేపు ఆలోచించారు. "కటాలో తప్పేం లేదండీ," అన్నారు చివరికి, "అద్దంలో చూస్తే."

బెల్టు ఇవ్వలేదు. కుర్రాడు వచ్చి "సారీ అంకుల్" అన్నాడు. వాడికి ఇచ్చారు.

తర్వాత జూడోకి మారాను. 1882లో కానో జిగోరో అనే ఆయన టోక్యోలో కొడోకాన్ అనే బడి పెట్టి నేర్పిన విద్య. అందులో ముందు పడటం నేర్పుతారు. గడ్డం ఛాతీకి ఆనించి, బెల్టు ముడి చూస్తూ, మ్యాట్‌ని చేత్తో చరిచి పడాలి. పడటంలో నేను రాణించాను. ఎత్తి పడేయడం దగ్గరికొచ్చేసరికి మళ్లీ అదే గొడవ. అందరూ కుడివైపు విసిరితే నేను ఎడమవైపు విసిరాను. అయితే ఈ మాస్టారి కళ్లు మెరిశాయి. జూడోలో ఎడమవాటం వాళ్లు తక్కువ, ఎదుటివాళ్లకి వాళ్లతో మహా ఇబ్బంది. పదిహేను రోజులు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. "అలాగే, ఎడమవైపే చెయ్యండి" అన్నారు. ఆయన ఎడమ అన్నారు కాబట్టి నేను కుడివైపు చేశాను. ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషినని పాపం ఆయన అనుకున్నారు. ఏ చేత్తో మ్యాట్ చరచాలో తెలియక నా జోడీలు ఎలా పడితే అలా పడేవారు. ఆ రోజుల్లో నాతో జత కట్టాల్సినవాళ్లకి తరచుగా జ్వరం వచ్చేది.

చివరికి తాయ్ చీ. అందులో యాంగ్ అనే శైలిని కుదించి 1956లో చైనాలో తయారుచేసిన 24 భంగిమల వరస, దాన్నే ఫారం అంటారు, తీరిగ్గా చేస్తే ఐదారు నిమిషాలు. ఇంత నిదానమైన విద్యలో గాల్లో అక్షరం రాసుకునే వ్యవధి దొరుకుతుందని ఆశ. దొరికింది కూడా. కాకపోతే కరాటేలో నా తప్పు అరక్షణంలో అయిపోయేది. ఇక్కడ అందరూ తీరిగ్గా చూడొచ్చు.

అయినా ఈ టీచర్‌ని మెచ్చుకోవాలి. నా రోగం రెండో రోజే కనిపెట్టారు. నన్ను చివరి వరసలో నిలబెట్టి, "ఎడమ, కుడి మర్చిపోండి. కిటికీ వైపు, తలుపు వైపు, అంతే" అన్నారు. మూడు నెలలు ఒక్క తప్పు చేయలేదు. మిగతా మాస్టర్లందరికీ ఈమాట ఎందుకు తట్టలేదా అని నాకు కాస్త కోపం కూడా వచ్చింది.

ఒకరోజు మా హాల్లో రంగులు వేస్తున్నారని ఎదురు హాల్లో క్లాసు పెట్టారు. అక్కడ కిటికీ ఉండాల్సిన చోట తలుపుంది, తలుపుండాల్సిన చోట కిటికీ ఉంది. ఫారం సగం దాటాక అందరం వెనక్కి తిరగాలి. తిరిగామంటే చివరి వరసే మొదటి వరసవుతుంది. అంటే ముందు నేను, నన్ను చూసి చేసేవాళ్లు పదకొండు మంది, అందరికన్నా వెనక టీచర్.

నేను నమ్మకంగా కిటికీ వైపు కదిలాను. పదకొండు మందీ నా వెనకే, మబ్బుల్లా, మెత్తగా కిటికీ వైపు తేలిపోయారు. తలుపు వైపు టీచర్ ఒక్కరే మిగిలారు. ఆవిడ మా పన్నెండు వీపుల్నీ కాసేపు చూశారట. తర్వాత ఎక్కడా తొందర లేకుండా, చేతులు గుండ్రంగా తిప్పుతూ, 25వ భంగిమలాగా మావైపు తిరిగారు.