రెండు ఎడమచేతులు, ఒక ఎడమకాలు

మొన్న మంగళవారం పదకొండు గంటల ప్రాంతంలో, ఇరవై మంది కొత్త పిల్లలు చూస్తూ ఉండగా, నేను మా వర్క్‌షాపులో సగం దూరం ఒంటికాలి మీద గెంతుకుంటూ వెళ్లాను. పుండు ఇంకా పచ్చిగానే ఉంది కనుక, అది మానిపోయి నాకే నవ్వులాటగా తోచకముందే రాసి పెడుతున్నాను.

నేను ఒక ఐటీఐలో వెల్డరు ట్రేడు పిల్లలకు పని నేర్పుతాను. అంతకుముందు పదకొండేళ్లపాటు విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలూ ట్రాలీలూ అతికించి వచ్చాను, కాబట్టి కాలడం నాకు కొత్తేమీ కాదు. నా ముంజేతుల మీద ఆవాలు చల్లినట్టు మచ్చలున్నాయి. చిట్టెం, అంటే అతుకు మీద గట్టిపడే మడ్డి, కొడుతుంటే ఎగిరి కాలరు లోపల దూరిన పెళ్లలకు లెక్కే లేదు. నల్లద్దం అడ్డం పెట్టుకోకుండా ట్యాకులు, అంటే ముక్కలు కదలకుండా వేసే చిన్న అతుకులు, కొట్టిన పాపానికి, సాయంత్రం దాకా ఏమీ తెలియక, అర్ధరాత్రి కళ్లలో ఇసుక పోసినట్టు మంట పుట్టి తెల్లవార్లూ కూర్చున్న రోజులూ ఉన్నాయి. అయితే అక్కడ చూసేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు కాలినవాళ్లే కావడం వల్ల ఎవరూ నవ్వేవారు కాదు.

ఈసారి జరిగినదానికి రెండు మూలాలున్నాయి. మొదటిది తోలు గ్లౌజులు. పాత జత చిల్లులు పడి, మూడు సంతకాల ఇండెంటు పెట్టిన పద్దెనిమిది రోజులకు కొత్త జత వచ్చింది. విప్పి చూస్తే రెండూ ఎడమచేతివే. వెనక్కి తీసుకువెళ్లి చూపిస్తే, స్టోర్సు గుమాస్తాగారు కళ్లజోడు సవరించుకుని, వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి లెక్కపెట్టి, "జత అంటే రెండే కదండీ, రెండూ ఉన్నాయి" అన్నారు. ఎడమచేతి గ్లౌజును కుడిచేతికి తొడిగితే అరచేతి వైపు ఉండవలసిన కుట్లు వెనక్కి వస్తాయి, వేళ్లు ముడవబోతే తోలు ఎదురు తిరుగుతుంది. రాడ్డు బిగించే హోల్డరు పట్టుకోవడం వరకు ఎలాగో కుదురుతుంది గానీ, అంతకంటే సున్నితమైన పని ఏదీ ఆ చేత్తో కాదు.

రెండో మూలం ఆఫీసు నుంచి వచ్చిన సర్క్యులరు. క్రమశిక్షణ దృష్ట్యా, వర్క్‌షాపులో ఉన్నంతసేపు బోధకులూ పిల్లలూ ప్యాంట్ల అంచులను బూట్లలోకి దోపుకోవాలట. కవాతుకు వెళ్లేవాడికి అది అందమే కావచ్చు. వెల్డరుకు మాత్రం ప్యాంటు బూటు మీదుగా కిందికి జారి ఉండాలి, అంచు మడతపెట్టి ఉండకూడదు. "రవ్వ ఎప్పుడూ కిందికే దొర్లుతుంది, దానికి గుమ్మం చూపించకురా" అని ఆటోనగర్‌లో మా మేస్త్రీ మొదటిరోజే నా ప్యాంటు మడతలు విప్పించాడు. నేను ఈ మాట ఆఫీసులో మర్యాదగానే చెప్పాను. "మీరు సర్క్యులరు సరిగ్గా చదివినట్టు లేదు" అన్నారు. సరిగ్గా చదివాను కనుకనే మంగళవారంనాడు రెండు కాళ్లూ దోపుకుని పిల్లల ముందు నిలబడ్డాను.

పాఠం బాగానే మొదలైంది. ఆరు మిల్లీమీటర్ల పట్టీలు రెండింటిని టీ ఆకారంలో నిలిపి ట్యాకులు కొట్టాను, 3.15 మిల్లీమీటర్ల వెల్డింగు రాడ్డు పెట్టి, మెషీను 110 ఆంపియర్ల దగ్గర ఉంచాను. ఇనుము కరగాలంటే సుమారు 1500 డిగ్రీలు కావాలనీ, ఎర్రగా ఉన్న ఇనుము కంటే నల్లబడి అమాయకంగా పడి ఉన్న ఇనుమే ఎక్కువమందిని కాలుస్తుందనీ చెప్పాను. ఒకసారి బీడు, అంటే అతుకు గీత, మొదలుపెట్టాక, ఏనుగు వచ్చినా సరే, మధ్యలో ఆపరాదని కూడా అనవసరంగా చెప్పాను. తరువాత హెల్మెట్ దించుకున్నాను, పిల్లలు షీల్డులు అడ్డం పెట్టుకున్నారు.

రెండంగుళాల బీడు పడిందో లేదో, ఎడమ చీలమండ దగ్గర చీమ కుట్టినట్టు అయింది. చీమ అనే అనుకున్నాను. ఆ మరుక్షణం, చీమకు ఇంత పట్టుదల ఉండదని తెలిసింది. ఆవగింజంత రవ్వ ఒకటి, సర్క్యులరు తెరిచి పెట్టిన గుమ్మంలోంచి బూటులోకి దిగి, సాక్సు మీద స్థిరపడింది. ఆ సాక్సు నూలుది అయి ఉంటే మాడి ఊరుకునేది. ఇంట్లో ఉతికినవి ఆరకపోవడంతో ఆ రోజు పెళ్లిళ్లకు వేసుకునే నైలాన్ సాక్సులు వేసుకుని వచ్చాను. నైలాన్ 220, 260 డిగ్రీల మధ్యనే కరుగుతుంది. కరిగి ఊరుకోకుండా జిగురులా చర్మాన్ని అంటుకుంటుంది. అంటే నా కాలి మీద కూడా ఒక చిన్న అతుకు పడుతోంది, బీడు కంటే నాణ్యంగా.

ఆపవచ్చు. కానీ ఏనుగు వచ్చినా ఆపరాదని చెప్పి రెండు నిమిషాలు కాలేదు. ఎడమకాలు గాలిలోకి లేపి, కుడికాలి మీద నిలబడి మరో అంగుళం లాగాను. ఆ అంగుళాన్ని తరువాత కొలిచి చూశాను, అది బీడులా లేదు, కోడి గీరినట్టు ఉంది. చెయ్యి వణకడంతో రాడ్డు పట్టీకి అంటుకుపోయింది, మంట ఆరిపోయి రాడ్డు మొత్తం అగరువత్తిలా ఎర్రబడసాగింది. దాన్ని మెలితిప్పి ఊడబీకి, హోల్డరు పక్కన పెట్టి, వంగి బూటు తాడు కోసం చేతులు చాపాను. రెండూ ఎడమచేతులే. తాడు నేనే రెండు ముళ్లు వేశాను. గ్లౌజులు ముందు తీయాలన్న ఆలోచన నాకు రాలేదు. ఎర్ర బకెట్టులో నీళ్లుంటాయన్న ఆలోచన వచ్చింది. బకెట్టు ఎటు ఉందో తెలుసు గనుక గెంతడం మొదలుపెట్టాను. హెల్మెట్ ఇంకా ముఖం మీదే ఉందన్న సంగతి, పదకొండో నంబరు నల్లద్దంలోంచి పట్టపగలు అమావాస్య కనిపిస్తున్నా, నాకు తట్టలేదు. డ్రిల్లింగ్ మెషీను తగిలింది, ఎవరిదో భుజం తగిలింది, చివరికి బకెట్టు దొరికింది. కాలు బూటుతో సహా అందులో దింపాను. అది ఇసుక బకెట్టు.

నీళ్ల బకెట్టు దాని పక్కనే ఉంది. కొత్తగా రంగు వేయించాక, నీళ్లు పోస్తే తుప్పు పడుతుందని దానిని ఖాళీగా ఉంచారట.

పిల్లల్లో ఒక్కడూ నవ్వలేదు, అది ఇంకా బాధాకరం. ఇదంతా పాఠంలో భాగమే అనుకున్నారు. సాయంత్రం రికార్డులు దిద్దుతుంటే ముందు వరుస కుర్రవాడి పుస్తకంలో, "రాడ్డు అంటుకున్నప్పుడు ఎడమకాలు ఎత్తి, మెలితిప్పి లాగవలెను" అని, కింద గీత గీసి రాసి ఉంది. దస్తూరి చక్కగా ఉంది.

ప్రథమ చికిత్స పెట్టెకు తాళం వేసి ఉంది, తాళంచెవి స్టోర్సులో ఉంది, స్టోర్సు గుమాస్తాగారు బ్యాంకు పని మీద వెళ్లారు. ఆ పెట్టె పనివేళల్లో ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలని ఏనాడో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 45వ సెక్షనులోనే చెప్పారు, సర్క్యులరులో చెప్పలేదు. అటెండరు పరుగున వచ్చి, "సారూ, పేస్టు రాస్తే చల్లబడిపోద్ది" అని టూత్‌పేస్టు తెచ్చాడు. ఇంకొకరు సిరా అన్నారు, మరొకరు పసుపు అన్నారు. కుళాయి కింద ఇరవై నిమిషాలు కాలు పెట్టుకుని కూర్చున్నాను, అంతకు మించిన మందు అప్పటికి లేదు. అతుక్కున్న సాక్సు ముక్కను లాగకుండా, డాక్టరు చూసేదాకా చుట్టూ కత్తిరించి ఉంచాను.

ప్రమాదాల రిజిస్టరులో అన్ని గడులూ నింపాను. "తిరిగి జరగకుండా తీసుకున్న చర్య" అన్న చోట "ప్యాంటు బయటికి తీశాను" అని రాశాను. గురువారం రిజిస్టరు వెనక్కి వచ్చింది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో "సర్క్యులరుకు విరుద్ధం" అనీ, పక్కన "గాయం పరిమాణం మిల్లీమీటర్లలో తెలుపవలెను" అనీ ఉన్నాయి.

ఫిట్టరు ట్రేడు మాస్టారిని పిలిచాను. ఆయన కొలతల విషయంలో రాజీపడే మనిషి కాదు, చేతికి వచ్చిన పని ముక్క ఏదైనా ఆయనకు 'జాబే'. 0.02 మిల్లీమీటరు దాకా చూపే వెర్నియర్ కొలత పరికరం తెచ్చి, దాని దవడలు గుడ్డతో తుడిచి, స్టూలు మీద పెట్టిన నా కాలి ముందు మోకరిల్లి, ఒక కన్ను మూసి, "కాస్త ఊపిరి బిగపట్టండి మాస్టారూ" అన్నారు. బిగపట్టాను. దవడ ఒక్క పిసరు ముందుకు జరిగింది, బొబ్బ చితికింది.

"11.46 దాకా చదివాను, తరువాత జాబు పాడైంది" అన్నారాయన.