సవరణ: ఎయర్ అన్నది "నాకు నచ్చదు" అని కాదు

మొన్న నైతిక భాష గురించి రాసినప్పుడు, "దొంగతనం తప్పు" అంటే "దొంగతనం నాకు నచ్చదు" అని చెప్పడమేనని బ్రిటిష్ తత్వవేత్త ఏ.జె. ఎయర్ వాదించాడన్నాను. అది తప్పు. ఫిలాసఫీ చదువుకున్న ఒక మిత్రుడు చెప్పాక, 1936లో వచ్చిన ఆయన 'లాంగ్వేజ్, ట్రూత్ అండ్ లాజిక్' ఆరో అధ్యాయం మళ్ళీ తీసి చూశాను, సరిగ్గా ఆ అభిప్రాయాన్నే ఆయన అక్కడ తోసిపుచ్చాడు.

"నాకు నచ్చదు" అనేది నా మనసు గురించిన సమాచారం, నిజం కావచ్చు, అబద్ధం కావచ్చు. ఎయర్ చెప్పింది వేరు: "ఆ డబ్బు దొంగిలించి తప్పు చేశావు" అన్న మాటలో "ఆ డబ్బు దొంగిలించావు" అన్నదాన్ని మించిన సమాచారం ఏమీ లేదు, అదే మాటను ఏవగింపు నిండిన గొంతుతో అన్నట్టు, అంతే.

కుక్కపిల్ల మీద రాయి విసిరిన మనవణ్ణి చూసి అమ్మమ్మ "ఛీ, ఏం పనిరా అది!" అంటుంది. ఆ "ఛీ"కి ఎవరూ "అబద్ధం" అని బదులివ్వలేరు. అదే ఆవిడ "నాకు అసహ్యంగా ఉంది" అంటే "లేదు, నవ్వుతున్నావుగా" అనొచ్చు. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ ఎక్స్‌ప్రెసివిజం (నైతిక మాటలు సమాచారం చెప్పవు, మన భావాన్ని వెళ్ళబుచ్చుతాయి అనే సిద్ధాంతం) అంతా దీని మీదే నిలబడింది, నేను దాన్నే చెరిపేశాను.

ఈ సిద్ధాంతం మీద తత్వవేత్త పీటర్ గీచ్ 1965లో లేవనెత్తిన అభ్యంతరం గురించి అప్పుడు రాసింది మాత్రం అలాగే ఉంటుంది. "ఒక పని చేయడం చెడ్డదైతే, తమ్ముడి చేత చేయించడమూ చెడ్డదే" అన్నప్పుడు ఆ పనిని ఎవరూ ఛీకొట్టడం లేదు, అయినా ఆ వాక్యానికి అర్థం ఉంది. అలాంటప్పుడు "చెడ్డది" అన్న మాట వట్టి "ఛీ" ఎలా అవుతుందన్నదే ఆ అభ్యంతరం.