జరిమానా ఒక్కరోజు, భారం అయిదేళ్లు

బ్రిటన్‌లో ఓవర్‌స్పీడ్‌కు పడే కనీస శిక్ష 100 పౌండ్ల జరిమానా, లైసెన్సుపై 3 పెనాల్టీ పాయింట్లు. నోటీసు అందుకున్నవారిలో చాలామంది ఆ 100 పౌండ్లు కట్టేసి పీడ విరగడైందనుకుంటారు. అసలు భారం అక్కడి నుంచే మొదలవుతుంది. కారు బీమా రెన్యువల్‌కు వచ్చేసరికి ప్రీమియం పెరిగి ఉంటుంది. మరుసటి ఏడాదీ ఆ పెంపు వదలకపోవచ్చు, ఆపై ఏడాదీ అంతే. ఎంత పెరుగుతుందో ఏ చట్టంలోనూ ఏ నోటీసులోనూ రాసి ఉండదు. వేగానికి శిక్ష తగ్గించాలని మేం కోరడం లేదు. ఆ శిక్షలో పెద్ద భాగాన్ని ప్రైవేటు కంపెనీల లెక్కలకు వదిలేయడం సరికాదన్నదే మా వాదన.

వేగం విషయంలో మాకు రెండో మాట లేదు. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ లెక్క ప్రకారం గంటకు 30 మైళ్ల వేగంతో వెళ్లే కారు పూర్తిగా ఆగడానికి 23 మీటర్లు పడుతుంది. 40 మైళ్లయితే 36 మీటర్లు కావాలి. ఓ పిల్లవాడు కారుకు 25 మీటర్ల ముందు రోడ్డు మీదికి వచ్చాడనుకుందాం. 30తో వస్తున్న డ్రైవర్ వాడిని తాకకముందే ఆగగలడు. 40తో వస్తున్న డ్రైవర్ బ్రేకు మీద కాలు వేసేలోపే 12 మీటర్లు అయిపోతాయి. మిగిలిన 13 మీటర్లలో ఎంత గట్టిగా నొక్కినా, పిల్లవాడి దగ్గరికి చేరేసరికి కారు ఇంకా 27 మైళ్ల వేగంతోనే ఉంటుంది. పది మైళ్లే కదా అని తేలిగ్గా తీసుకునే తేడా ఫలితం ఇది. సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ప్రపంచవ్యాప్తంగా ఏటా 11.9 లక్షల మంది రోడ్ల మీదే ప్రాణాలు వదులుతున్నారు. కెమెరాలు డబ్బు గుంజడానికే పెట్టారన్న వాదనను మేం ఏమాత్రం సమర్థించం.

జరిమానా ఒక్కటే సరిపోదన్నదీ నిజమే. డబ్బున్నవాడికి 100 పౌండ్లు వేగంగా వెళ్లడానికి కట్టే రుసుము లాంటిది. రోజు కూలి మీద బతికేవాడికి అది వారం తిండి. ఈ తేడాను సరిచేయడానికి ఫిన్లాండ్ జరిమానాను ఆదాయానికి ముడిపెట్టింది. అక్కడి ఆలండ్ దీవుల్లో 2023లో 50 కిలోమీటర్ల పరిమితి ఉన్నచోట 82తో వెళ్లిన ఓ కోటీశ్వరుడికి 1,21,000 యూరోలు పడింది. బ్రిటన్‌లోనూ కేసు కోర్టుకు వెళితే వారపు ఆదాయాన్ని బట్టే జరిమానా వేస్తారు. అయితే దానికి 1,000 పౌండ్లు, మోటార్‌వే (ఎక్స్‌ప్రెస్ రహదారి) మీదైతే 2,500 పౌండ్లు గరిష్ఠ పరిమితి.

పాయింట్ల పద్ధతి గొప్పతనం ఇక్కడే ఉంది. పాయింట్లను డబ్బు కట్టి వదిలించుకోలేరు. మూడేళ్లలో 12 చేరితే మామూలుగా కనీసం 6 నెలల పాటు లైసెన్సు పోతుంది. యజమాని అయినా అతని డ్రైవర్ అయినా ఒకటే లెక్క. పరీక్ష పాసై రెండేళ్లు నిండని కొత్త డ్రైవర్లకు 6 పాయింట్లు చాలు. లైసెన్సు రద్దవుతుంది, థియరీ నుంచి మళ్లీ మొదలుపెట్టాలి. జర్మనీలో డ్రైవర్ల పాయింట్లు నమోదు చేసే ఫ్లెన్స్‌బర్గ్ రిజిస్టర్‌లో 8 పాయింట్లు చేరితే లైసెన్సు పోతుంది. ఇటలీలో 20 పాయింట్లు చేతికిచ్చి, తప్పు చేసినప్పుడల్లా కోస్తారు. పద్ధతి ఏదైనా ఎంత తప్పుకు ఎంత శిక్షో ముందే రాసి ఉంటుంది. పౌరుడికి ఆ లెక్క తెలుస్తుంది.

బీమా దగ్గరికి వచ్చేసరికి ఈ స్పష్టత మాయమవుతోంది. ప్రీమియం ఎంతో తెలుసుకుందామని కంప్యూటర్ ముందు కూర్చుంటే ఓ ప్రశ్న ఎదురవుతుంది: గత అయిదేళ్లలో డ్రైవింగ్ నేరాలు, పాయింట్లు ఏమైనా ఉన్నాయా? ఉన్నాయని నొక్కగానే కింద మరికొన్ని గళ్లు తెరుచుకుంటాయి. నేరం కోడ్ ఏమిటి? మామూలు రోడ్డు మీద వేగానికి ఎస్‌పీ30, మోటార్‌వే మీదైతే ఎస్‌పీ50. తేదీ ఎప్పుడు, పాయింట్లు ఎన్ని, జరిమానా ఎంత, లైసెన్సు నిలిపేశారా? అన్నీ నింపాక తెర మీద కొత్త అంకె కనిపిస్తుంది. పాత అంకెకూ దీనికీ ఇంత తేడా ఎందుకన్నదానికి వివరణ దొరకదు. అవే వివరాలు ఇంకో కంపెనీకి ఇస్తే ఇంకో అంకె. మూడు పాయింట్లను పెద్దగా పట్టించుకోని కంపెనీలున్నాయి, గట్టిగా వడ్డించేవీ ఉన్నాయి. పాయింట్లు ఎక్కువైతే పాలసీయే ఇవ్వమనేవీ ఉన్నాయి.

కాలం లెక్కలో మరింత గందరగోళం. ఓవర్‌స్పీడ్ పాయింట్లను లైసెన్సు రద్దు కోసం లెక్కలోకి తీసుకునేది మూడేళ్లు. లైసెన్సు రికార్డులో అవి ఉండేది నాలుగేళ్లు. బీమా కంపెనీ అడగగలిగేది మాత్రం అయిదేళ్లు. 1974 నాటి నేరస్థుల పునరావాస చట్టం కింద ఆ శిక్షను ఇక బయటపెట్టనవసరం లేకుండా పోవడానికి అంతకాలం పడుతుంది కాబట్టి! ఒకే తప్పుకు మూడు గడువులన్నమాట. రికార్డు చూసుకుని పాయింట్లు పోయాయనుకున్న మనిషి అయిదో ఏడాది ఫారంలో 'లేవు' అని రాస్తాడు. అది తప్పుడు సమాచారం కిందకు వస్తుంది. 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ప్రకారం అజాగ్రత్త వల్ల అలా రాస్తే క్లెయిమ్ మొత్తంలో కోత పడవచ్చు. కావాలనే దాచినట్లు తేలితే పాలసీ రద్దు చేసి క్లెయిమ్ పూర్తిగా తిరస్కరించవచ్చు. మోసగాడికి ఆ శాస్తి జరగాల్సిందే. గడువుల చిక్కుముడిలో పడినవాడికి కూడా నష్టం తప్పకపోవడమే అన్యాయం.

పాయింట్లు పడతాయా లేదా అన్నదీ కొన్నిసార్లు ఒక్క మైలు మీద ఆధారపడుతోంది. 30 మైళ్ల పరిమితి ఉన్న రోడ్డు మీద 42 మైళ్ల వరకూ దొరికినవారికి, గత మూడేళ్లలో వెళ్లి ఉండకపోతే, స్పీడ్ అవేర్‌నెస్ కోర్సుకు అవకాశం ఇవ్వాలన్నది పోలీసు మార్గదర్శకం. కోర్సుకు ఫీజు కట్టి కొన్ని గంటలు కూర్చుంటే పాయింట్లు ఉండవు. 43తో దొరికితే జరిమానా, పాయింట్లు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఒప్పుకుంటాం. గీతకు అటూ ఇటూ ఉన్నవారి మధ్య అయిదేళ్ల ప్రీమియం తేడా వస్తున్నప్పుడు ఆ తేడా ఎంత ఉండాలన్నది ప్రజాస్వామ్యం తేల్చాల్సిన విషయం. కోర్సుకు వెళ్లినా శిక్ష పడినట్లు కాదు. అయినా కొన్ని కంపెనీలు దాని గురించి కూడా ఆరా తీస్తున్నాయి.

ఇంతకంటే బాధాకరమైన సంగతి మరొకటుంది. కెమెరాకు చిక్కిన 14 రోజుల్లోపు కారు ఎవరి పేరున ఉందో వారికి నోటీసు పంపాలి. ఆ సమయంలో బండి నడిపిందెవరో వారు 28 రోజుల్లోపు రాసి పంపాలి. ఇల్లు మారి, కారు పత్రంలో చిరునామా మార్చుకోనివారికి నోటీసు పాత ఇంటి గుమ్మంలోనే పడి ఉంటుంది. జవాబు రాలేదు కాబట్టి డ్రైవర్ పేరు చెప్పలేదన్న నేరం మోపుతారు. దాని కోడ్ ఎంఎస్90. అప్పుడు 3 బదులు 6 పాయింట్లు, 1,000 పౌండ్ల వరకూ జరిమానా. బీమా కంపెనీలు ఎస్‌పీ30 కంటే ఎంఎస్90ని చాలా తీవ్రంగా చూస్తాయి. ఉద్దేశపూర్వకంగా దాచినవాడినీ ఉత్తరం అందనివాడినీ ఆ కోడ్ విడదీసి చూపదు. కొత్త డ్రైవరైతే ఆ ఒక్క దెబ్బతోనే లైసెన్సు పోతుంది.

ఈ పెంపు ఎవరి మీద ఎక్కువ పడుతుందో ఆలోచించాలి. పాయింట్లున్నవారికి ఓ కంపెనీ 10 శాతం పెంచిందనుకుందాం. ఏడాదికి 400 పౌండ్లు కట్టే నడివయసు మనిషికి అదనంగా పడేది 40 పౌండ్లు. 1,500 కట్టే ఇరవయ్యేళ్ల కుర్రాడికి 150 పౌండ్లు. ఇద్దరూ చేసింది ఒకే తప్పు, వెళ్లింది ఒకే వేగం. వయసు వల్ల, ఉంటున్న ప్రాంతం వల్ల ఇప్పటికే ఎక్కువ కడుతున్నవాడికి ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. డబ్బున్నవాడూ లేనివాడూ ఒకటేనని చాటిన పాయింట్లే బీమా దారిలో వెళ్లి మళ్లీ లేనివాడినే ఎక్కువ బాదుతున్నాయి.

దీని ఫలితం రోడ్డు భద్రతకూ మంచిది కాదు. ప్రీమియం భరించలేనంత పెరిగితే కొందరు కారు అమ్మేస్తారు, కొందరు నిజం దాస్తారు, కొందరు బీమా లేకుండానే తిరుగుతారు. బీమా లేకుండా దొరికితే 300 పౌండ్లు, 6 పాయింట్లు ఉన్నాయన్నది నిజమే. దొరికేలోపు వాళ్లు ఎవరినైనా గుద్దితే బాధితుడికి పరిహారం ఇచ్చేది మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో. ఆ డబ్బు బీమా కంపెనీల దగ్గర వసూలవుతుంది, చివరికి నిజాయతీగా ప్రీమియం కట్టేవారి నెత్తినే పడుతుంది. తిలాపాపం తలా పిడికెడు. పాయింట్ల భయం మనుషుల్ని ఎంతదాకా తీసుకెళుతుందో బ్రిటన్ కళ్లారా చూసింది. 2003లో కెమెరాకు చిక్కిన రాజకీయ నాయకుడు క్రిస్ హ్యూన్ లైసెన్సు పోకుండా ఉండటానికి ఆ 3 పాయింట్లను భార్య తన పేరున వేసుకున్నారు. ఆయన తర్వాత మంత్రి అయ్యారు. పదేళ్లకు, 2013లో, ఇద్దరికీ 8 నెలల చొప్పున జైలుశిక్ష పడింది.

బీమా కంపెనీల వాదనలో పస లేదని అనలేం. వేగంగా వెళ్లి దొరికినవారు ప్రమాదాలు చేసే అవకాశం ఎక్కువని వాటి లెక్కలు చెబుతాయి. ముప్పు ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ కట్టకపోతే, జాగ్రత్తగా నడిపేవాడు వాడి వాటా కూడా మోయాలి. ఇది న్యాయమైన మాటే. అయితే కారు బీమా ఇష్టమైతే కొనుక్కునే సరుకు కాదు, రోడ్డెక్కాలంటే తప్పనిసరిగా ఉండాలని చట్టమే శాసిస్తోంది. పాయింట్లు వేసేదీ ప్రభుత్వ వ్యవస్థే. 2014 నుంచి డ్రైవర్ నంబరు ఇస్తే చాలు, ఆ పాయింట్ల రికార్డును కంపెనీలు నేరుగా చూసుకునే ఏర్పాటూ ఉంది. కొనడం తప్పనిసరి చేసి, సమాచారమూ చేతికందించాక, ధర మాత్రం మాకు సంబంధం లేదంటే కుదరదు.

వేరే దారులు లేకపోలేదు. ఫ్రాన్స్‌లో డ్రైవర్ పాయింట్ల సంఖ్యను బీమా కంపెనీలు సేకరించడానికే వీల్లేదు, యజమానులకూ ఆ హక్కు లేదు. అలాగని ప్రమాదకరమైన డ్రైవర్లను వదిలేయలేదు. తాగి నడిపి ప్రమాదం చేస్తే గరిష్ఠంగా 150 శాతం, లైసెన్సు ఆరు నెలలకు మించి నిలిపేస్తే 100 శాతం వరకూ అదనపు ప్రీమియం వేసుకోవచ్చని అక్కడి బీమా నిబంధనలే చెబుతాయి. రెండేళ్ల తర్వాత ఆ అదనం అడగకూడదు. జర్మనీలో ప్రీమియం సాధారణంగా పాయింట్లను బట్టి మారదు, క్లెయిమ్ లేకుండా గడిపిన ఏళ్లను బట్టి తగ్గుతుంది. కెనడాలోని క్యుబెక్‌లో లైసెన్సుతోపాటు ప్రభుత్వ బీమాకు కట్టే సొమ్ము పాయింట్ల కొద్దీ పెరుగుతుంది, కానీ ఆ పట్టిక అందరికీ బహిరంగంగా కనిపిస్తుంది. అక్కడ తప్పు ఖరీదు ఎంతో తప్పు చేయకముందే తెలుస్తుంది. ముందే తెలిసిన శిక్షకే మనిషి కాలు యాక్సిలరేటర్ మీద నుంచి తీస్తాడని మా నమ్మకం.

అందుకే మేం కోరేది ఇదీ. జరిమానా నోటీసులోనే పాయింట్లు ఎన్నాళ్లుంటాయో, బీమా కంపెనీకి ఎన్నాళ్లు చెప్పాలో పెద్ద అక్షరాలతో రాయాలి. ప్రతి కంపెనీ ఎన్ని పాయింట్లకు సగటున ఎంత పెంచుతోందో ఏటా ప్రకటించాలి. మూడు గడువుల స్థానంలో ఒక్కటే ఉండాలి, నాలుగేళ్లయినా మాకు అభ్యంతరం లేదు. మొదటిసారి, స్వల్ప వేగానికి దొరికినవారి మీద వేసే అదనానికి పరిమితి కావాలి. రెండోసారి, మూడోసారి దొరికినవారికి ఆ రక్షణ అక్కర్లేదు. బడి ముందు 30 చోట 60తో దూసుకెళ్లినవాడి మీద అసలు జాలి చూపక్కర్లేదు. మారినట్లు నిరూపించుకునే దారి కూడా ఉండాలి. కారులో వేగాన్ని, బ్రేకు వాడకాన్ని నమోదు చేసే బ్లాక్ బాక్స్ పాలసీలు ఇప్పటికే కుర్రకారుకు అమ్ముతున్నారు. ఏడాదిపాటు పద్ధతిగా నడిపినట్లు ఆ పెట్టే చెబితే పాత పాయింట్ల అదనం తగ్గించడానికి కంపెనీలకు అడ్డేముంది?

చట్టం మారేదాకా పాయింట్లు పడినవారు కొన్ని జాగ్రత్తలు తీసుకోక తప్పదు. పాలసీ మధ్యలో పాయింట్లు వస్తే వెంటనే చెప్పాలా, రెన్యువల్ దాకా ఆగవచ్చా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, ఆ నిబంధన చదువుకోవాలి. లైసెన్సులు జారీ చేసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ వెబ్‌సైట్‌లో రికార్డు ఉచితంగానే చూసుకోవచ్చు. అందులోని నేరం తేదీ, కోడ్ ఉన్నవి ఉన్నట్లు ఫారంలో రాయాలి. రికార్డులో కనిపించకపోయినా కంపెనీ అడిగింది అయిదేళ్ల లెక్కయితే ఆ లెక్క ప్రకారమే జవాబివ్వాలి. ఇల్లు మారితే లైసెన్సులోనే కాదు, కారు రిజిస్ట్రేషన్ పత్రంలోనూ చిరునామా మార్చుకోవాలి. రెన్యువల్‌కు ముందు నాలుగైదు కంపెనీల ధరలు పోల్చి చూస్తే, అవే 3 పాయింట్లకు ఎవరు ఎంత వడ్డిస్తున్నారో తేడా స్పష్టంగా కనిపిస్తుంది.