రొట్టెలకు కూడా దుడ్లా అని అడిగేవాళ్ళకు

నిన్న పొద్దున ఒక పెద్దాయన ఫోన్ చేసి, కూతురి నిశ్చితార్థానికి 400 జొన్నరొట్టెలు కావాలన్నాడు. రొట్టె 15 రూపాయలని చెప్పగానే "ఏందమ్మా, రొట్టెలు తట్టేదానికి కూడా ఇన్ని దుడ్లా? మా ఇంట్లో ఆడోళ్ళు రోజూ చేస్తారు కదా" అన్నాడు. టెంట్ హౌస్ వాళ్ళతో ఆయన ఈ మాట అనడు, ఫోటోలు తీసేవాళ్ళతో అనడు. నాతోనే అన్నాడు. రాత్రంతా ఆ మాటే మెదిలింది, అందుకే రాస్తున్నా.

అనంతపురంలో ఆరేళ్ళుగా రొట్టెల సెంటర్ నడుపుతున్నా. నాతో పాటు ఐదుగురు ఆడవాళ్ళు పనిచేస్తారు. రొట్టెలు, బుడ్డల (వేరుశనగ) పొడి, కారం పొడి చేస్తాం. హోటళ్ళకు, హాస్టళ్ళకు, పెళ్ళిళ్ళకు ఇస్తాం, ఆర్డర్ ఉంటే బస్సులో బెంగళూరుకూ పంపుతాం. గోధుమపిండికి ఉన్న జిగురు జొన్నపిండికి ఉండదు. ఉడుకు నీళ్ళు పోసి, చెయ్యి కాలుతుండగానే పిసకాలి, చల్లారితే అంచులు పగులుతాయి. తట్టి, పెనం మీద వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, తిప్పి కాల్చాలి. బాగా చెయ్యి తిరిగిన మనిషి గంటకు 30 రొట్టెలు చేస్తుంది. పెద్దాయన అడిగిన 400 రొట్టెలకు నలుగురు మూడున్నర గంటలు పొయ్యి ముందు కూర్చోవాలి, మధ్యాహ్నం భోజనాలకైతే మేం తెల్లవారుజామున నాలుగింటికే గ్యాస్ ముట్టించాలి. ఆ గ్యాస్ కూడా ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్ కాదు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దాని ధర వేరు. ఇవన్నీ లెక్కేస్తేనే 15 రూపాయలు వచ్చింది.

2023ని ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, అదీ మన దేశం ప్రతిపాదిస్తేనే. జొన్న ఎంత మంచిదో ఆ ఏడాదంతా అందరూ మాట్లాడారు, నాకూ సంతోషమే, ఆర్డర్లు పెరిగాయి. కానీ జొన్న విలువ తెలిసినంతగా దాన్ని తట్టే చేతి విలువ తెలియలేదు. ఇంట్లో ఊరికే జరిగే పని కాబట్టి బయట కూడా ఊరికే జరగాలని అనుకుంటారు. ఎవరు ఏ పనికి ఎంత టైమ్ పెడతారో కేంద్రం లెక్కేసే టైమ్ యూజ్ సర్వేలో, 2024లో, ఇంటి పని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు దానికి పెడుతున్నారని తేలింది. ఆ 289 నిమిషాలకు ఎవరూ రూపాయి ఇవ్వరు కదా, అదే అలవాటుతో నా దగ్గరికి వస్తారు.

2021లో పిండి మరకు, రెండు పెద్ద పొయ్యిలకు మూడు లక్షలు లోన్ కావాల్సి వచ్చింది. చిన్న వ్యాపారాలకు లోన్లిచ్చే కేంద్రం పథకం ముద్రలో, కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా ఇస్తారు, పూచీకత్తు అక్కర్లేదు. చిన్న యూనిట్లకు 10 లక్షల దాకా పూచీకత్తు అడగొద్దని రిజర్వ్ బ్యాంకు 2010లోనే బ్యాంకులకు చెప్పింది. నేను వెళ్ళిన బ్యాంకులో మొదటి ప్రశ్న "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" రెండోది "ఇంటి పత్రాలు ఎవరి పేరు మీద ఉన్నాయి?" మా మామగారి పేరు మీద ఉన్నాయి. నా పేరు మీద ఏముంది? ఎన్టీఆర్ హయాంలో, 1986లోనే, ఆడపిల్లలకు పిత్రార్జితంలో సమాన హక్కు అని మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, దేశమంతటికీ 2005లో వచ్చింది. మా నాన్న పొలం నాలుగు ఎకరాలు పంచినప్పుడు నాకేమీ వద్దని సంతకం పెట్టింది నేనే. పుట్టింటి గడప దూరమవుతుందని భయపడ్డా. ఎవరూ బలవంతం చేయలేదు, అడగకపోతేనే మంచి కూతురు అన్నట్టు అందరూ చూశారంతే. ఆ సంతకం బ్యాంకు కుర్చీలో కూర్చున్న రోజు గుర్తొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడు నెలలు తిరిగాక వేరే బ్యాంకులో లోన్ వచ్చింది, అదీ మా ఆయన వచ్చి పక్కన కూర్చుంటేనే.

ఇంకో విషయం, చాలామంది ఆడవాళ్ళు బయటికి చెప్పుకోరు. అమ్మే ప్యాకెట్ మీద కస్టమర్ ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబర్ ఉండాలని తూనికలు కొలతల చట్టం చెబుతుంది. మంచి నిబంధనే. పొడి ప్యాకెట్ల మీద నా నంబర్ వేశా. రాత్రి పదకొండుకు "మ్యాడం, తిన్నారా" అంటూ ఫోన్లు, వాట్సాప్‌లో వీడియో కాల్స్. బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి. నంబర్ తీసేస్తే చట్టం ఒప్పుకోదు, ఉంచితే నిద్ర ఉండదు. టెన్షన్ తట్టుకోలేక ఆ సిమ్ తమ్ముడికి ఇచ్చా. మగ గొంతు వినపడగానే అవన్నీ ఆగిపోయాయి. కానీ రెండు నెలల్లో హోటళ్ళ వాళ్ళు రేటు మాట్లాడాలన్నా, బాకీ లెక్క చూడాలన్నా "మీ అన్నతో మాట్లాడతాంలేమ్మా" అనడం మొదలుపెట్టారు. వాడు నాకంటే నాలుగేళ్ళు చిన్న, రొట్టె తట్టడం కూడా రాదు. ఫోన్ వెనక్కి తీసుకున్నా. రాత్రి తొమ్మిదికి ఆపేస్తున్నా, దానివల్ల పోయే ఆర్డర్లు పోతున్నాయి.

అన్నిటికంటే కష్టం బాకీలు. రిజిస్టరైన చిన్న యూనిట్‌కు, ఒప్పందంలో ఏం రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని చిన్న పరిశ్రమల కోసం 2006లో తెచ్చిన చట్టం ఉంది. కట్టకపోతే వడ్డీతో ఇవ్వాలి, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. చిన్న యూనిట్లకు కేంద్రం ఇచ్చే ఆ రిజిస్ట్రేషన్, ఉద్యమ్ అంటారు, నాకుంది. ఒక హాస్టల్ నాకు 23,000 ఇవ్వాలి, నాలుగు నెలలైంది. ఫిర్యాదు చేస్తే ఆ హాస్టల్‌తో పాటు వాళ్ళకు తెలిసిన ఇంకో మూడు పోతాయి. పాల వాడికి, కూరగాయల వాడికి ఒకటో తారీఖు ఇస్తారు. నాకు మాత్రం "నీకేం తొందరమ్మా, మీ ఆయన సంపాదిస్తున్నాడు కదా" అంటారు. నా దగ్గర పనిచేసే ఒక అక్కకు కూతురుంది, నర్సింగ్ చదువుతోంది, ఫీజు కట్టేది ఆ అక్క కూలితోనే. శనివారం కూలి నేను ఆపలేను, మా ఆయన సంపాదనకు దీనికి సంబంధమే లేదు.

మా ఆయన మంచివాడే, మూటలు మోస్తాడు, పిల్లల్ని స్కూల్లో దింపుతాడు. అయినా చుట్టాలొస్తే "ఏదో ఖాళీగా ఉండకుండా చేసుకుంటోంది" అని నవ్వుతూ చెబుతాడు. మొన్న మొదటిసారి అందరి ముందే అడిగా, ఐదిళ్ళకు కూలి ఇచ్చే పని ఖాళీగా ఉండేవాళ్ళు చేసేదా అని. ఆయన ఏమీ అనలేదు. మరుసటి రోజు ఎవరితోనో ఫోన్‌లో "మా ఇంటామె సెంటర్" అన్నాడు.

నిన్నటి పెద్దాయనకు రేటు తగ్గించలేదు. సగం అడ్వాన్స్ పంపితేనే పిండి పట్టిస్తానని చెప్పా. సాయంత్రానికి 3,000 పడింది, "రొట్టెలు మెత్తగా ఉండాలమ్మా" అని మెసేజ్ కూడా పెట్టాడు. ఉంటాయి. సోమవారం హాస్టల్‌కు మళ్ళీ వెళ్తా, ఈసారి బిల్లులతో పాటు ఆ 45 రోజుల రూల్ ప్రింట్ తీసుకుని.